కోబేలో పుట్టిల్లు

రాహేలమ్మ ఎవరింటికి పోయినా ముందు పొయ్యి దగ్గరికి పోయేది. కూర్చోమన్నా కూర్చునేది కాదు. వంగి, కుడి అరచేయి బోర్లించి, పొయ్యి మీద కాసేపు పట్టి ఉంచేది. వెచ్చగా తగిలితే తలూపి, అప్పుడు కూర్చునేది. చల్లగా ఉంటే ఆ ఇంటివాళ్లను ఒక చూపు చూసేది. ఆ చూపు కంటే తిట్టు నయం.

"మేం వండుకుంటిమో పస్తున్నామో చూసేకి నువ్వెవురు మే?" అని పక్కింటి గిడ్డమ్మ ఒకసారి మీదికి వచ్చింది.

"మీరు తింటే నాకేంటికి, తినకుంటే నాకేంటికి? నిప్పు ఉండాదా ల్యాదా అని చూస్తాండా."

పాదిరి దొర బంగళాకు పోయినప్పుడు కూడా తిన్నగా వంటింట్లోకి పోయి చెయ్యి పెట్టింది. దొరసాని అదేదో ఈ దేశపు దీవెన అనుకొని, మర్యాదకు తానూ చెయ్యి పెట్టి, కాల్చుకుంది.

ఊరు బనగానపల్లెకు పడమర. కొంత నల్లరేగడి, మిగతా అంతా రాయి. చర్చి ఉంది, గంట ఉంది, గంట కొట్టేవాడికి మాత్రం వేళ తెలియదు. రాహేలమ్మకు కొంచెం చేను, కొన్ని మామిడిచెట్లు. భర్త లాజరు ఎప్పుడో పోయాడు. పేరు లాజరు గనక బైబిల్లో లాజరులా నాలుగో రోజు సమాధిలోంచి లేస్తాడేమో చూడమని ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లు. "లేస్తే ముందు చేను దున్నమను" అని ఆమె కూడా నవ్వేది.

పొయ్యి తడిమే అలవాటు పుట్టుకతో వచ్చింది కాదు. పెద్దకూతురు సంతోషమ్మను ఎర్రగుంట్ల దగ్గర ఒక పల్లెకిచ్చింది. తొలి కాన్పుకు పుట్టింటికి పంపమని అడిగితే, పత్తి తీత అయిపోనీ, పంపుతామన్నారు అత్తింటివాళ్లు. చేను తెల్లగా ఉంది, చేతులు చాలవన్నారు. నొప్పులు పత్తి తీత కోసం ఆగలేదు. కబురంది రాహేలమ్మ బండి కట్టించుకొని పోయేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు. ఇంటినిండా జనం. ఏం చేయాలో తోచక ఆమె పొయ్యి మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. కాన్పు జరిగిన ఇంట్లో వేడినీళ్లకు కూడా నిప్పు రాజేయలేదు. బూడిదలో పిల్లి పడుకొని ఉంది.

రెండో కూతురు కృపమణి పెళ్లిలో, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని ఉపదేశి గాబ్రియేలు వాడుక ప్రకారం అడిగాడు. ఎవరూ పలకకూడని ప్రశ్న అది. రాహేలమ్మ లేచి నిలబడింది.

"అభ్యంతరమేం ల్యాదు. తొలి కాన్పు మాత్రం నా ఇంట్లో. పెండ్లికొడుకు ఊ అనల్ల."

పెళ్లికొడుకు ప్రేమయ్య ఊ అన్నాడు. అప్పుడతను నంద్యాలలో పత్తి కంపెనీ గుమాస్తా. నంద్యాల నుంచి పుట్టింటికి బస్సులో పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం సంగటికి చేరొచ్చు. ఊ అనడానికి అడ్డమేముంది?

ఆ కంపెనీ పత్తి కొనేది జపానుకు. కొన్నాళ్లకు ప్రేమయ్యను కూడా పత్తి బేళ్లతో పాటు జపాను పంపింది. కోబే అనే రేవులో, గిడ్డంగిలో పని. కృపమణి వెంట పోయింది. 1936 సంక్రాంతి పోయాక జాబు వచ్చింది. గాబ్రియేలు చదివాడు. కృపమణి కడుపుతో ఉంది. వసంతంలో కాన్పు. ఇక్కడ మంచి డాక్టర్లున్నారు, సముద్రం మీద ప్రయాణం ఈ స్థితిలో తగదు, అత్త ఏమీ దిగులు పడవద్దు, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటే చాలు అని అల్లుడు రాశాడు.

"మాట తప్పినాడు" అంది రాహేలమ్మ.

"తప్పేదేముండాదమ్మా, సముద్రం అడ్డముండాది. ప్రార్థన చేద్దాం."

"ప్రార్థన నువ్వు చెయ్. నేను పోతాండా."

గాబ్రియేలు కళ్లద్దాలు తీశాడు. "జపానుకా? పెద్దమ్మా, నీ పేరుగల ఆయమ్మ బైబిల్లో కాన్పులోనే పోయింది. అదీ ప్రయాణంలో, దోవలో. ఆలోచన చెయ్."

"దోవలో పోయింది గదా. ఆయమ్మ అమ్మ పక్కన ఉండింటే పోయుండదు. మొగుడు చూస్తే గొర్రెలు తోలుకుంటాండె. అయినా ఆడబిడ్డకు ఆ పేరు పెట్టిన పాదిరికి బుద్ధి ల్యాదు."

"పిల్లే పుట్టింటికి రాలేదంటే నువ్వు పోయి ఏం లాభం? నువ్వు పోయినా అది అల్లుని ఇల్లే గదా."

ఇది సరైన మాట. రాహేలమ్మ ఇంటికి పోయి ఆలోచించింది. తర్వాత గడ్డపార తీసుకొని తన పొయ్యిని పెకలించింది.

మా వైపు ఇల్లంటే గోడలు కాదు, పొయ్యి మూడు రాళ్లు. వాటిని పొయ్యి గడ్డలంటారు. అన్నదమ్ములు వేరుపడితే ముందు వేరయ్యేది పొయ్యే. గోడ తర్వాత. ఒకే గోడల మధ్య రెండు పొయ్యిలుంటే రెండిళ్లు. కాబట్టి కూతురు పుట్టింటికి రాలేకపోతే పుట్టిల్లే కూతురి దగ్గరికి పోవడంలో రాహేలమ్మకు వింత కనిపించలేదు. మోసుకుపోగలిగినంతే బరువుంది.

రాళ్లు కడిగి ట్రంకుపెట్టెలో పెడుతుంటే గిడ్డమ్మ వచ్చింది.

"ఏం మే, జపానులో రాళ్లు ల్యావంటనా?"

"ఉంటాయి. వాళ్లవి వాళ్లవి."

"నువ్వు వచ్చేదాకా నీ ఇంట్లో పొయ్యి ల్యాకపోతే అది ఇల్లెట్లయితాది?"

"కాదు. గోడలుంటాయి. నీ మేకలు కట్టేసుకో."

గిడ్డమ్మ అదే రోజు కట్టేసింది.

మామిడిచెట్ల మీద రాబోయే కాపును బనగానపల్లె సాయిబు ఒకాయనకు ముందే గుత్తకిచ్చి దారిఖర్చు చూసుకుంది. పాదిరి దొర ప్రయాణపు కాగితాల మీద సంతకాలు పెట్టించి ఇచ్చాడు. ఎర్రగుంట్లలో రైలెక్కింది. బండి కదిలాక సంతోషమ్మ ఊరి వైపు చూడలేదు. మద్రాసులో ఓడెక్కింది. ఓడలో అందరికీ వాంతులు. రాహేలమ్మకు కూడా. అలవాటు మానక ఓడ వంటశాలలోకి పోయి పొయ్యి మీద చెయ్యి పెట్టబోతే వంటవాడు గరిటె ఎత్తాడు. అంత పెద్ద నిప్పు ఆమె ఎప్పుడూ చూడలేదు. ఓడ మీద నమ్మకం కుదిరింది.

కోబే రేవులో సుంకంవాళ్లు పెట్టె తెరిచారు. ఒకడు ఎండుమిరపకాయల మూట విప్పాడు. రెండో మూట విప్పలేదు. తుమ్ములు తగ్గాక రాళ్లు బయటికి తీశారు. ఒకడు తట్టి చూశాడు. ఒకడు వాసన చూశాడు. లోపల బంగారం ఉందేమోనని ఇంకొకడు చెవి పెట్టాడు. గాబ్రియేలు జాబు అంది వచ్చిన ప్రేమయ్య టోపీ పెట్టుకొని, బూట్లు తొడుక్కొని, అవతల నిలబడి ఇదంతా చూస్తున్నాడు. తనకు తెలియని మనిషని చెప్పే వీలు లేదు. పిలిచారు.

"అత్తా, ఇవేంటివని అడుగుతాండారు. ఏం చెప్పల్ల?"

"నా ఇల్లు అని చెప్పు."

ప్రేమయ్య ఏం చెప్పాడో తెలియదు. అధికారి చాలాసేపు ఆలోచించి, మూడు రాళ్ల మీదా సుద్దముక్కతో గుర్తు పెట్టి వదిలేశాడు.

ఇల్లు కొండవాలున. కర్రతోనూ కాగితంతోనూ కట్టింది. నేలంతా గడ్డితో నేసిన మందపు చాపలు. కృపమణి గుమ్మంలో కూర్చొని ఉంది. కడుపు ముందుకొచ్చి, ముఖం పాలిపోయి. తల్లిని చూసి లేవబోయింది.

"లేయొద్దు. ఎట్లుండావు మే?"

"బాగుండా." తర్వాత, మెల్లగా: "భయమైతాందమ్మా."

రాహేలమ్మ పొయ్యి ఎక్కడని చూసింది. పొయ్యి లేదు. గది మధ్య పింగాణీ కుండలో నాలుగు బొగ్గులు కణకణలాడుతున్నాయి. అరచేయి బోర్లించింది. వెచ్చగానే ఉంది గాని, అది చెయ్యి కాచుకునే వెచ్చన. కాన్పుకు నీళ్లు కాగే వెచ్చన కాదు.

ఆ ఆదివారం ప్రేమయ్య ఆమెను పూలు చూపించడానికి తీసుకుపోయాడు. ఊరు ఊరంతా చెట్ల కింద ఉంది. ఆకు లేకుండా చెట్టంతా పువ్వే. జనం చాపలు పరుచుకొని తింటున్నారు, తాగుతున్నారు, పాడుతున్నారు. కంపెనీవాళ్లకు ప్రేమయ్య నడుం వంచి వంచి దండాలు పెట్టాడు.

"పూత బాగుండాది" అంది రాహేలమ్మ మామిడితోట మనిషిగా. "కాయలెప్పుడు?"

"కాయవు అత్తా."

"పూత రాలిపోతాదా?"

"ఇవి పువ్వు కోసమే పెంచుతారు. కాయ ఉండదు."

ఆమె ఆగిపోయి చెట్టును కిందినుంచి పైకి చూసింది. ఒకాయన చెట్టు మొదట్లో సారా గిన్నె పట్టుకొని ఏడుస్తూ పాడుతున్నాడు.

"మన ఊర్లో కాయని చెట్టుకు గొడ్డలి చూపిస్తారు. ఈడ సారాయి పోస్తాండారు. శానా మంచి జనం."

సోమవారం ప్రేమయ్య గిడ్డంగికి పోగానే ఆమె పుట్టిల్లు పెట్టింది. పెరట్లోంచి మట్టి తెచ్చి గది మూలన చాప మీద మందంగా పరిచింది. మా వైపు మిద్దె మీద పొయ్యి పెట్టాలన్నా ఇట్లాగే పెడతారు. మట్టి మీద మూడు రాళ్లు, రాళ్ల మీద దుత్త. పుల్లలు పేర్చి అంటించింది. ఆమె పుట్టి బుద్ధెరిగి కాలే ఇల్లు చూడలేదు. మా ఇళ్లు గోడ రాయి, నేల బండ, కప్పు మట్టి. నిప్పు వాటిని ఏం చేస్తుంది? ఇల్లనేది కాలుతుందన్న ఆలోచనే ఆమెకు లేదు.

పొగకు కృపమణి కళ్లు తెరిచింది.

"అమ్మా! ఇది గడ్డి!"

"మట్టి ఏసినాలే."

"గోడ కాగితం!"

అప్పటికే చాప అంచు ఎర్రగా నడుస్తోంది. కృపమణి అరుపుకు వీధిలోవాళ్లు బక్కెట్లతో వచ్చిపడ్డారు. అందరికంటే ముందు వచ్చింది ఇంటి యజమానురాలు తోమె. పక్కిల్లు ఆమెది. రాహేలమ్మ వయసే, ఇంకా పొట్టి. వచ్చీ రాగానే ఒక బక్కెట్టు పొయ్యి మీద, ఒకటి రాహేలమ్మ మీద పోసింది. రెండోది అవసరం లేదు.

కబురంది ప్రేమయ్య పరుగెత్తుకొచ్చాడు. టోపీ దోవలో పడిపోయింది. చాప నల్లగా ఉంది. అత్త తడిసి ఉంది. వీధంతా గుమ్మంలో ఉంది. అతను తోమెకు వంగి దండం పెట్టాడు, వీధికి పెట్టాడు, మళ్లీ తోమెకు పెట్టాడు. తర్వాత అత్తవైపు తిరిగాడు.

"నా ఇల్లు కాలబెట్టేకి వచ్చినావా అత్తా? ఈడ నిప్పంటే పోలీసులొస్తారు. ఆస్పత్రి ఉండాది, డాక్టరుండాడు. ఏంటికీ రాళ్లు?"

"నీ ఇల్లు కాదిది."

"మరెవురిది?"

"పొయ్యి నాది. కాన్పయ్యేదాకా ఇది నా ఇల్లు. చర్చిలో అందరి ముందర ఊ అన్యావు. అల్లునివి, నా కాడ్నించి నీకు మర్యాదుండాది. ఇప్పుడు నీ గుడ్డలు సర్దుకోని పో. కబురు చేస్తా. అప్పుడొచ్చి బిడ్డను చూసుకో."

"యాడికి పోవల్ల?"

"నీ ఇంటికి."

"ఇదే గదా నా ఇల్లు!"

తోమె ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఏమంటోందని ప్రేమయ్యను అడిగింది. ప్రేమయ్య చెప్పనన్నాడు. ఆమె మళ్లీ అడిగింది. ఇంటి యజమానురాలు గనక చెప్పక తప్పలేదు. సిగ్గుతో, నేల చూస్తూ, ఒక్కో మాటా పళ్లు పీకించుకున్నట్టు చెప్పాడు. ఈమె నా భార్య తల్లి. మా దేశంలో తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. అందుకని తన ఇంటి పొయ్యి తెచ్చుకుంది. ఇది పుట్టిల్లంటుంది. నన్ను బయటికి పొమ్మంటుంది.

తోమె మొదట మూడు రాళ్లను చూసింది. తర్వాత తొడ చరుచుకొని కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత ఏదో గట్టిగా చెప్పింది.

"ఏమంటాందప్పా?"

ప్రేమయ్య ముఖం ఎండుమిరపకాయలా ఉంది. "ఈడా అంతేనంట. ఆడపిల్లలు కాన్పుకు అమ్మ దగ్గరికే పోతారంట. ఆయమ్మ కూతుర్లు ఆయమ్మ దగ్గరికే వచ్చిరంట. అల్లుండ్లు ఇంట్లో ఉంటే కాళ్లకడ్డమంట."

చెప్పడం అయ్యేలోగా తోమె అతని పరుపు చుట్టి, చంకన పెట్టుకొని, తన ఇంటికి నడిచింది. ప్రేమయ్య పరుపు వెనక నడిచాడు. ఆ రోజునుంచి అతనికి ఇల్లు అదే.

రాళ్లు పెరట్లోకి పోయాయి. తోమె చోటు చూపించింది. పూలచెట్టు కొమ్మ ఒకటి గోడమీదుగా ఇటు వంగి ఉంది, దాని కింద పొయ్యి. రాహేలమ్మ రోజంతా ఉలవలు ఉడకేసేది. పొగ పూలలోకి పోయేది, పూలు ఉలవచారులోకి రాలేవి. సుంకంవాడి సుద్దగుర్తులు మసిలో కలిసిపోయాయి. పొగ చూసి పోలీసు వచ్చాడు. తోమె నడుం వంచి, నవ్వి, చేతులు తిప్పి ఏదో చెప్పింది. అతను కూడా దండం పెట్టి పోయాడు. "ఇండియా నుంచి ఒక పుట్టిల్లు వచ్చి మా పక్కన దిగింది అని చెప్పిందంట" అన్నాడు ప్రేమయ్య గోడ అవతలనుంచి.

రాహేలమ్మ ఆమెను తోమక్కా అని పిలిచేది. ఇద్దరికీ భాష లేదు. అందువల్ల తగాదా కూడా లేదు. తోమక్క ఉలవచారు తాగి దగ్గింది, మళ్లీ గిన్నె చాచింది. రాహేలమ్మ ఆమె ఇంటికి పోయి, మట్టినేల వంటగదిలో కట్టిన పొయ్యి మీద అరచేయి పెట్టి, తలూపింది. తోమక్క ఏమిటని అడగలేదు. మర్నాడు తాను వచ్చి రాహేలమ్మ పొయ్యి మీద చెయ్యి పెట్టి, తలూపి పోయింది.

పూలు దాదాపు రాలిపోయిన ఒక పొద్దున కృపమణికి నొప్పులు మొదలయ్యాయి. రాహేలమ్మ పొయ్యి నిండా కట్టెలు పెట్టింది. అండా నీళ్లు పొంగుతున్నాయి. పాతగుడ్డలు ఉడికించి ఆరేసింది. తోమక్క కృపమణి వెనక కూర్చొని నడుం పట్టుకుంది. అన్నీ ఎట్లా ఉండాలో అట్లా ఉన్నాయి. పుట్టిల్లుంది, అమ్మ ఉంది, నిప్పుంది. పొద్దు నడినెత్తి మీదికి వచ్చింది. బిడ్డ రాలేదు.

రాహేలమ్మ కడుపు మీద చేతులు వేసి చూసింది. మళ్లీ చూసింది. బిడ్డ అడ్డంగా ఉంది. ఆమె పెరట్లోకి వచ్చి పొయ్యి ముందు నిలబడింది. మంట నిలువుగా లేస్తోంది. ఇన్నేళ్లూ ఆమె సంతోషమ్మ ఇంటి చల్లని పొయ్యినే తిట్టుకుంది. ఈ పొయ్యి వేడిగా ఉంది. అయినా బిడ్డ అడ్డంగానే ఉంది. దేవుడితో ఏమీ అనలేదు. అంటే మంచి మాట వచ్చేది కాదు.

గోడ అవతల ప్రేమయ్య గిడ్డంగికి పోకుండా, బూట్లతో, అటూ ఇటూ తిరుగుతున్నాడు. పొద్దుటినుంచీ ప్రతి అరుపూ అతనికి వినిపిస్తోంది. లోపలికి రావడానికి లేదు. ఊ అన్నాడు కదా.

"ప్రేమయ్యా!"

"అత్తా!"

"పోప్పా, డాక్టరమ్మనో మంత్రసానినో ఎవురున్నా పిల్చకరా. బిరీన పో."

"నీ ఇంట్లేకి రావొచ్చునా?" అని అడిగాడు వెర్రివాడు.

"వాళ్లను రానీ. నువ్వు పరుగెత్తు!"

వచ్చింది ఒక మంత్రసాని. తెల్లబట్టలు, చేతిసంచి. పరుగున వచ్చి, చేతులు చాచి, ఒకే మాట అడిగింది. ఆ మాటకు తర్జుమా అక్కర్లేకపోయింది. రాహేలమ్మ అప్పటికే వేడినీళ్లు తొట్టిలో పోస్తోంది. మంత్రసాని మోచేతులదాకా కడుక్కుంది. తర్వాత చాలాసేపు ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదు, కృపమణి తప్ప. ఆమె అమ్మను, మొగుణ్ణి, పత్తి కంపెనీని, జపాను దేశాన్ని వరసగా తిట్టింది. రాహేలమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. బిడ్డ తిరిగింది. పొద్దు వాలేముందు ఆడపిల్ల పుట్టి, అందరినీ తిట్టడం తానూ మొదలుపెట్టింది.

కృపమణి కళ్లు మూసుకొని, "అమ్మా, ఉండావా?" అంది.

"ఉండా."

"నేను?"

"నువ్వూ ఉండావు. పడుకో."

మర్నాడు పొద్దున్నే రాహేలమ్మ స్నానం చేసి, పెట్టె అడుగున దాచిన కొత్త చీర కట్టుకుంది. చిన్న బెల్లంముక్క గుడ్డలో చుట్టుకొని వీధిలోకి పోయి, పక్కింటి గుమ్మంలోంచి లోపలికి పోయింది. కాన్పు కబురు అల్లుడింటికి మనిషితో, తీపితో పంపాలి. మనిషి దొరకలేదు గనక తానే పోయింది. తోమక్క గోడకు ఆనుకొని, నిన్నటి బట్టలతోనే, నోరు తెరుచుకొని నిద్రపోతోంది. ప్రేమయ్య బూట్లతో చాప అంచున కూర్చొని ఉన్నాడు. అత్తను చూసి లేచి నోరు తెరవబోయాడు. ఆగమని చెయ్యి చూపించి ఆమె వంటగదిలోకి పోయింది. వంగి, పొయ్యి మీద అరచేయి పెట్టింది. చల్లగా ఉంది. నిన్నంతా ఆ ఇంట్లో నిప్పు రాజేయలేదు.

ఎవరినీ ఆ చూపు చూడలేదు. తన పెరట్లోకి పోయి, తన పొయ్యిలోంచి నిప్పులు ఒక చిప్పలో తెచ్చి, తోమక్క పొయ్యిలో వేసి, పుల్లలు పెట్టి ఊదింది. అంటుకున్నాక నీళ్లు పెట్టింది. అప్పుడు వచ్చి అల్లుడి ఎదురుగా కూర్చొని, గుడ్డ విప్పి, బెల్లం అతని చేతిలో పెట్టింది.

"ఏమప్పా, బాగుండావా? మా ఇంట్లో పాప పుట్టింది. తీరుబడి చేసుకోని చూసేకి రా."